మంచు తాగే బూడిద, వాన తాగే సున్నం: స్పెయిన్ ద్రాక్షతోటల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల స్పెయిన్‌లోని రియోహా ప్రాంతంలో ద్రాక్ష కోతల గురించి రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సంపాదకులు అన్నీ కట్టగట్టి పంపారు. కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో: మాది కదిరి దగ్గర పల్లె. వేరుశెనగ వేసి మబ్బుల వైపు చూసే ఊరు. అగ్రికల్చర్ బీఎస్సీ అయ్యాక పైచదువుకని స్పెయిన్‌లోని లోగ్రోన్యో పట్నానికి వచ్చి పదిహేడేళ్లయింది. ఇక్కడ రైతుల సహకార వైనరీ ఒకదాంట్లో మట్టినీ ద్రాక్షరసాన్నీ పరీక్షించే ల్యాబులో పని. ఊరు వదిలినా వాన లెక్కపెట్టే అలవాటు పోలేదు. కింద జవాబుల్లో మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తే ఆ తప్పు ఉమ్మడి అనంతపురం జిల్లాది.

అన్నిచోట్లా ద్రాక్షే, అన్నిచోట్లా పులియబెట్టడమే. అయినా ఊరు మారితే వైన్ మారుతుందంటారు. మట్టి రుచి గ్లాసులోకి వస్తుందన్న మాట ఎంతవరకు నిజం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

మాస్టారూ, నా ఉద్యోగానికే ఎసరు పెట్టే ప్రశ్న అడిగారు. మట్టి రుచి రాదు. పలకరాతి నేల వైన్‌కు పలక వాసన వస్తుందని సీసా వెనక రాస్తారు, చదివి నవ్వుకోండి. రాయి వేరులోకి పోదు. నీళ్లలో కరిగిన కాసిన్ని లవణాలు మాత్రం పోతాయి, అవి నాలుకకు తెలిసేంత ఉండవు.

మరి మట్టి చేసే పనేంటి? మొక్కకు ఎప్పుడు, ఎంత నీళ్లివ్వాలో నిర్ణయిస్తుంది. కాయ రంగు తిరిగే వేళకు నేలలో పదును, అంటే చెమ్మ, తగ్గాలి. అప్పుడు తీగ కొత్త చిగుళ్లు వేయడం మాని, ఉన్న శక్తంతా కాయకు పెడుతుంది. నీళ్లు దండిగా ఉంటే కాయ ఉబ్బుతుంది, రసం పలచబడుతుంది. రంగూ రుచీ ఎక్కువగా ఉండేది తోలులో. చిన్న కాయలో రసానికి తోలు పాలు ఎక్కువ. అంతే రహస్యం. ఏ నేల ఈ పదును లెక్కను ఎలా నడిపిస్తుందో చూస్తే స్పెయిన్‌లో ఏ వైన్ అయినా సగం అర్థమైనట్టే.

మా రియోహానే చూడండి. నేనుండే లోగ్రోన్యో ఎబ్రో నది ఒడ్డున ఉంది. ఉత్తరాన గోడ కట్టినట్టు సియెర్రా కాంటాబ్రియా కొండలు. ఆ కొండలకు అవతల, సముద్రం వైపు, బిల్బావోలో ఏడాదికి 1,100 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. ఇవతల మా దగ్గర సుమారు 400. కారులో గంటన్నర దూరం. కొన్ని పొద్దుల్లో తెల్ల మబ్బు ఆ కొండ శిఖరం మీదుగా పాలు పొంగినట్టు ఇటువైపు జారుతుంది, సగం దిగీదిగకముందే మాయమైపోతుంది. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు ఊరే గుర్తొస్తుంది. వచ్చినట్టే వచ్చి పోయే మబ్బు మాకు కొత్త కాదు కదా.

ఇక్కడో తిరకాసుంది. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రియోహాకు అంతకన్నా తక్కువ. మొదటి ఏడాది ఈ అంకె వినగానే ప్రొఫెసర్ పొరబడ్డారనుకున్నాను. తర్వాత తెలిసింది. ఇక్కడి వానలో చాలా భాగం మొక్క నిద్రపోయే చలికాలంలోనూ, చిగురేసే వసంతంలోనూ పడుతుంది. చలికి ఆవిరైపోదు, నేల లోతుల్లోకి దిగి కూర్చుంటుంది. మన దగ్గర పడ్డ వాన సాయంత్రానికి ఎండ పాలు.

ల్యాబులో ఏటా చూస్తుంటాను. ఒకే రైతు రెండు చేన్ల నుంచి టెంప్రానీయో రకం తెస్తాడు. ఏటి ఒడ్డు మెత్తటి మట్టిలో పండింది బాగా బలిసి, నొక్కితే చిందుతుంది. కొండ కింద సున్నపు బంకమట్టిలో పండింది చిన్నగా, నల్లగా ఉండి, కోతకు వారం పది రోజులు ఆలస్యంగా వస్తుంది. టెంప్రానీయో అన్న పేరు 'త్వరగా' అనే మాట నుంచి వచ్చింది, మిగతా ఎర్ర రకాల కన్నా ముందు పండుతుంది కాబట్టి. ఆ త్వరపడే మొక్కను చల్లటి రాత్రులున్న గట్టెక్కించి కాస్త ఆపడమే రియోహా రైతు పని.

ఒక్కటి ఒప్పుకోవాలి. రియోహా అనగానే జనం చెప్పే వెనీలా వాసన మట్టిదీ కాదు, ద్రాక్షదీ కాదు, ఓక్ పీపాది. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ తోటలను తినేస్తుంటే బోర్డో వ్యాపారులు కొండలు దాటి ఇక్కడికొచ్చారు. హారో ఊరి రైల్వేస్టేషన్ చుట్టూ వైనరీలు లేచాయి, పీపాల పద్ధతి స్థిరపడింది. అక్కడ కరెంటు దీపాలు చాలా తొందరగా వెలిగాయి. 'హారో వచ్చేశాం, దీపాలు కనిపిస్తున్నాయి' అనే మాట ఇప్పటికీ ఇక్కడి ముసలివాళ్ల నోట వింటాను. ఇంతకీ ఆ పురుగు 1899లో రియోహానూ వదల్లేదు.

ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో చూశాను. నల్లటి నేల మీద వందల గుంతలు, ఒక్కో గుంతలో ఒకే ఒక్క పచ్చటి మొక్క. చంద్రుడి మీద తీసినట్టుంది. అది కంప్యూటర్ బొమ్మ అని మా ఆఫీసులో సగం మంది వాదన. మీరు తేల్చండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాదాపూర్, హైదరాబాద్

మీరు ఏ సగంలో ఉన్నారో రాయలేదు. ఫొటో నిజమే. అది లాన్సరోతే దీవిలోని లా హేరియా. స్పెయిన్‌దే కానీ స్పెయిన్ దగ్గర లేదు. ఆఫ్రికా తీరానికి సుమారు 125 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్‌లో ఉన్న కానరీ దీవుల్లో ఒకటి.

1730 సెప్టెంబరు 1 రాత్రి అక్కడ నేల పగిలింది. మామూలు అగ్నిపర్వతం కొన్ని రోజులో నెలలో మండి ఆరిపోతుంది. ఇది 1736 దాకా ఆగుతూ రేగుతూ మండింది. యైసా అనే ఊరి చర్చి ఫాదరీ ఏ రోజు ఏ పల్లె లావా కింద పోయిందో డైరీలో రాసుకుంటూ వచ్చాడు. దీవిలో గోధుమ పండే మంచి భూములే పోయాయి. మిగిలిన చోట్ల నల్లటి గుల్ల బూడిద మందంగా కప్పేసింది. దాన్ని వాళ్లు పికోన్ అంటారు. రవ్వంత సైజు రాళ్లు, చేతిలోకి తీసుకుంటే మరమరాలంత తేలిక.

ఊరంతా వలసపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మిగిలిన రైతులు ఒక సంగతి గమనించారు. బూడిద తవ్వి కింద ఉన్న పాత మట్టిని ముట్టుకుంటే చెమ్మగా ఉంది. పైన ఎంత ఎండ కాసినా కింద పదును ఆరడం లేదు. ఆ గుల్ల రవ్వ రాత్రిపూట గాలిలోని తేమను పట్టుకుంటుంది, పగలు దుప్పటిలా కప్పి కింది చెమ్మను పోనివ్వదు. ఆ దీవిలో ఏడాదికి పడే వాన 150 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మా పల్లెలో ఒక్క తుఫాను రాత్రికి అంత పడ్డ సందర్భాలున్నాయి.

కాబట్టి ఏం చేశారంటే, బూడిదలోకి గరాటు ఆకారంలో పెద్ద పాదు తవ్వి అడుగున మట్టి తగిలేచోట మొక్క నాటారు. లోతు చోటును బట్టి రెండు మూడు మీటర్లు కూడా ఉంటుంది. ఈశాన్యం నుంచి ఆగకుండా వీచే గాలికి మొక్క ఒరిగిపోకుండా, గుంత అంచున అర్ధచంద్రంలా రాళ్లు పేర్చారు. సున్నం లేదు, సిమెంటు లేదు, ఉత్త రాళ్లే. మామూలు తోటలో ఎకరానికి వెయ్యికి పైగా మొక్కలుండే చోట ఇక్కడ వంద ఉంటే గొప్ప. ట్రాక్టర్ దిగదు. ఒకప్పుడు ఒంటెల మీద మోసేవాళ్లు, ఇప్పుడు మనుషులు బుట్టలతో దిగి ఎక్కుతారు. కోత జులైలోనే మొదలవుతుంది, యూరప్ మొత్తానికీ దాదాపు ఇదే మొదటి కోత.

మాల్వసియా అనే తెల్ల రకం అది. నేను అక్కడికి పోయింది ఒక్కసారే, నాలుగు రోజులు. గుంతలోకి దిగి కూర్చుంటే పైన హోరుమంటున్న గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. నుయ్యిలో కూర్చున్నంత నిశ్శబ్దం. ఇంకో మాట: వేరు పురుగు 2025 దాకా కానరీ దీవులకు చేరలేదు. అందుకే యూరప్‌లో చాలాచోట్లలాగా అమెరికా రకం వేరుకు అంటుకట్టాల్సిన పని అక్కడ లేదు, మొక్క సొంత వేరు మీదే నిలబడుతుంది. మీ ఆఫీసు పందెం డబ్బులు ఎవరికొచ్చాయో రాయండి.

నలభై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్నాను. జాడీలో బూజు కనిపిస్తే ఆ ఏడాది పరువు పోయినట్టే. మీరేమో హెరెస్‌లో వైన్ మీద కావాలని తెల్ల పొర పెంచుతారని రాశారు. వింటేనే ఒళ్లు జలదరించింది. బూజు తీసేసి తాగుతారా, కలుపుకుని తాగుతారా?
– గృహిణి, తెనాలి

అమ్మా, మీ ఉత్తరం ల్యాబులో అందరికీ స్పానిష్‌లో చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

తీయరు, కలపరు. దాన్ని కదిలించను కూడా కదిలించరు. స్పెయిన్ దక్షిణాన, హెరెస్ చుట్టుపక్కల చేసే షెర్రీ అనే వైన్ మీద తేలే ఆ పొరను వాళ్లు ఫ్లోర్ అంటారు, అంటే పువ్వు. అది బూజు కాదు, ఈస్ట్. మీకు చెప్పాల్సిన పోలిక ఒకటుంది: ఆవకాయ మీద తేలే నూనె ఏం చేస్తుంది? ముక్కకు గాలి తగలనివ్వదు. ఈ పొరదీ అదే పని. కింద వైన్ గాలి తగిలి రంగు మారకుండా కాపాడుతుంది. తేడా ఏమిటంటే నూనె ప్రాణం లేనిది, ఇది బతికే ఉంటుంది. వైన్‌లోని ఆల్కహాల్‌ను, గ్లిజరిన్‌ను తింటూ బతుకుతుంది. అందుకే ఆ వైన్ అంత పొడిగా, బాదం వాసనతో, నాలుక మీద తీపి అన్నది లేకుండా ఉంటుంది.

మీరు జాడీ నిండా పెడతారు. వాళ్లు 600 లీటర్ల పీపాలో 500 లీటర్లే పోసి మిగతాది ఖాళీగా వదులుతారు, ఆ పొరకు ఊపిరాడాలి కదా. వైన్‌లో ఆల్కహాల్ 15 శాతం చేస్తే పొర పెరుగుతుంది. 17 దాటిస్తే చచ్చిపోతుంది. అప్పుడు వైన్‌కు గాలి తగిలి గోధుమరంగు తిరిగి ఒలోరోసో అనే వేరే రకమవుతుంది. ఒక్క పాలోమీనో ద్రాక్ష నుంచి ఇన్ని రకాలు రావడానికి కారణం ఆ రెండు శాతమే.

పొరకు చల్లదనం కావాలి, తేమ కావాలి. ఆ దక్షిణాది ఆండలూసియా ఎండలో అవెక్కడివి? పడమటి సముద్రం మీది నుంచి పొనియెంతే అనే చల్లగాలి వస్తుంది. తూర్పు నుంచి లెవాంతే అనే వడగాలి వస్తుంది. అందుకని గోదాములు ఎత్తైన పైకప్పులతో కట్టి, కిటికీలు పడమటి గాలికి తెరిచి, కిటికీలకు గడ్డి చాపలు వేలాడదీసి, నేల మీద పసుపురంగు ఇసుక పరిచి ఎండాకాలం నీళ్లు చల్లుతారు. లోపలికి అడుగుపెడితే మన పాత పెంకుటింటి నడవ గుర్తొస్తుంది.

పీపాలను వరసల మీద వరసలుగా పేరుస్తారు. సీసాల్లో నింపేది అడుగు వరసలోంచే. అది కూడా కొంచెమే. తీసినంత పై వరస నుంచి కిందికి, దాని పై నుంచి దానికి. కొత్త వైన్ పడేది అన్నిటికన్నా పైన. అడుగు పీపా ఎన్నడూ ఖాళీ కాదు. మీరు నిన్నటి పెరుగు కాస్త మిగిల్చి ఇవాళ్టి పాలు తోడు పెట్టరూ? ఎప్పటి పెరుగో ఇవాళ్టి గిన్నెలో ఉన్నట్టే, మొదటి ఏడాది వైన్ బొట్టు కూడా ఆ పీపాలో ఎక్కడో ఉంటుంది. ఆ అడుగు వరసకు సొలేరా అని పేరు, నేల అనే మాట నుంచి వచ్చింది. సొలేరా వైన్ సీసా మీద ఏ ఏడాది పంటో వేయకపోవడానికి కారణం ఇదే.

ఇక నేల. అక్కడి మట్టి తెల్లగా, చూస్తే కళ్లు చెదిరేంత తెల్లగా ఉంటుంది. అల్బరీసా అంటారు. ఒకప్పటి సముద్రపు అడుగు, అతి చిన్న జీవుల గుల్లలతో ఏర్పడ్డ సున్నం. చలికాలపు వానను స్పంజిలా పీల్చి, ఎండాకాలంలో పైన గట్టి పెళ్లు కట్టి ఆవిరి పోకుండా మూసేస్తుంది. ఆ వాన కొండవాలు మీద జారిపోకుండా, కోతలయ్యాక సాళ్ల మధ్య చిన్న చిన్న మడుల్లాంటి గుంతలు చేస్తారు. రెండేళ్ల కిందట డిసెంబరులో అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లి చూపించాను. నీళ్లు నిండిన ఆ గుంతలు చూసి, "ఇంకుడు గుంతలే కదరా, దీనికి ఇంత దూరం తీసుకొచ్చినావా?" అంది.

అదే ప్రయాణంలో నా వల్ల ఒక అపచారం జరిగింది. హెరెస్‌కు దగ్గరే గ్వాదల్‌కివీర్ నది సముద్రంలో కలిసేచోట సాన్‌లూకర్ అనే ఊరుంది. అమ్మకు కడుపులో బాగాలేదు. మా లోగ్రోన్యోలో అలాంటప్పుడు మంసానీయా అడిగితే చామంతి పూల కషాయం వేడివేడిగా ఇస్తారు. సాన్‌లూకర్‌లో అదే మాట అన్నాను. బారు అతను చిన్న గ్లాసులో చల్లటి లేత పసుపు పానీయం పెట్టాడు. ఆ ఊళ్లో తయారయ్యే షెర్రీ పేరూ మంసానీయానే, అది ఆ ఊళ్లో తప్ప ఎక్కడా చేయకూడదు. పదేళ్లకు పైగా వైన్ ల్యాబులో పనిచేస్తున్నవాణ్ణి, ఆ క్షణంలో బుర్రకు తట్టలేదు. అమ్మ వాసన చూసి గ్లాసు నా వైపు తోసి, ఆ రోజంతా మాట్లాడలేదు.

వైన్ గురించి ఇన్ని పేజీలు అవసరమా? పిల్లలు చదివే పత్రిక ఇది. కొంపలు కూల్చే మందును ఇలా పొగడటం బాధ్యతా?
– ఒక పాఠకురాలు, గుడివాడ

కోపం న్యాయమైనదే. మా నాన్నా ఇదే అడిగాడు, ఇంతకన్నా గట్టిగా. మా ఊళ్లో సారా ఏం చేసిందో కళ్లారా చూసినవాణ్ణి. వైన్ ఒంటికి మంచిదని ఈ శీర్షికలో ఎన్నడూ రాయలేదు, రాయను కూడా. తాగనివాళ్లు మొదలుపెట్టడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు. 150 మిల్లీమీటర్ల వానతో మనిషి ఏం పండించాడో చెప్పకుండా మాత్రం ఉండలేను, నా ఊరు అలాంటిది. చివరి ప్రశ్న చూడండి, అది మీకూ నచ్చవచ్చు.

మా నాన్న కాలంలో మాకు ఐదెకరాల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష ఉండేది. రాతి కడీలు పాతి, తీగలు లాగి, పందిరి మీద పాకించేవాళ్లం. మీ స్పెయిన్ ఫొటోల్లో అన్నీ మోకాలెత్తు పొదలే. అక్కడివాళ్లకు పందిరి తెలియదా?
– రైతు, చేవెళ్ల

అన్నా, తెలుసు. మీ పందిరే, మీ రాతి కడీలే. పటంలో స్పెయిన్ వాయవ్య మూల చూడండి, పోర్చుగల్ నెత్తి మీద. గలీసియా. అక్కడి రియాస్ బైషాస్ ప్రాంతంలో సముద్రం వేళ్లలా నేలలోకి చొచ్చుకొస్తుంది. ఏడాదికి సుమారు 1,600 మిల్లీమీటర్ల వాన. నేలంతా గ్రానైట్, మీ హైదరాబాద్ గుట్టల్లాంటిదే. చేలో రాయి చేలోనే ఉంది కాబట్టి ఆ రాయినే కడీలుగా చీల్చి పాతారు. పందిరి మనిషెత్తు దాటి ఉంటుంది.

మీరు పందిరి వేసింది ఎండ నుంచి గుత్తిని కాపాడటానికీ, దిగుబడికీ. వాళ్లు వేసింది తడి నుంచి కాపాడటానికి. గుత్తి నేలకు దూరంగా వేలాడితే కింద నుంచి సముద్రపు గాలి ఆడి తేమ ఆరిపోతుంది. బూజు తెగులు, బూడిద తెగులు మీకు చెప్పక్కర్లేదు, పందిరి పెట్టినవాళ్లకు ఆ రెండు పేర్లు వింటేనే టెన్షన్. నేల గ్రానైట్ ఇసుక కావడంతో పడ్డ వాన నిలవకుండా దిగిపోతుంది. అల్బరీన్యో అనే ఆ రకానికి తోలు మందం, అదో అదృష్టం. పుల్లగా, చురుగ్గా ఉండే తెల్ల వైన్ వస్తుంది. తీరంలోని పీతలు, ఆల్చిప్పలతో తాగుతారు. పాత రోజుల్లో పందిరి కింద నేలను ఊరికే వదలకుండా బంగాళాదుంప, క్యాబేజీ వేసుకునేవాళ్లు. మీరూ ఏవో ఆకుకూరలు వేసే ఉంటారు.

చదువుకునే రోజుల్లో అక్కడ ఒక కోతకు కూలికి పోయాను. పొద్దంతా మెడ పైకెత్తి, చేతులు పైకి చాచి కోయాలి. మూడో రోజుకు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికి చెయ్యి లేవలేదు. నన్ను పనిలో పెట్టుకున్న మేస్త్రీ వాన పడిన రెండు రోజుల కూలి ఎగ్గొట్టాడు. ఇంకోమాట, ఆ చుట్టుపక్కల పద్రోన్ అనే ఊరి పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి ఉప్పు చల్లి ఇస్తారు. 'కొన్ని మండుతాయి, కొన్ని మండవు' అని వాళ్ల సామెత. నాకు ఒక్కటీ మండలేదు.

హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చిన సంగతి నాకు తెలుసు. మీ ఐదెకరాలు ఏమయ్యాయో మీరు రాయలేదు, నేనూ అడగను.

బార్సిలోనాలో ఎంబీఏ చేస్తున్నాను. సూపర్‌మార్కెట్‌లో లా మాంచా వైన్ 3 యూరోలు, దాని పక్కనే ప్రియోరాత్ వైన్ 40 యూరోలు. రెండూ ఎర్రగానే ఉన్నాయి. ఇది ఉత్త బ్రాండింగ్ మాయేనా? సీసా మీద క్రియాంసా, రెసేర్వా అంటే క్వాలిటీ గ్రేడ్లా?
– ఒక విద్యార్థి

తమ్ముడూ, కాస్త బ్రాండింగ్ ఉంటుంది, కాదనను. కానీ బార్సిలోనా నుంచి రెండు గంటల్లో ప్రియోరాత్ పోవచ్చు. ఒక ఆదివారం వెళ్లి ఆ వాలు ఎక్కి దిగు, ధర దానంతటదే అర్థమవుతుంది. నేల మీద మట్టే కనిపించదు, అంతా పలకరాతి పెచ్చులు. వాళ్ల భాషలో లికొరెల్యా. అబ్రకం కలిసి ఎండకు మెరుస్తూ, కాలు పెడితే గలగలా జారుతుంది. నేను ఒకసారి జారి పదడుగులు పోయి ఒక ముసలి తీగను పట్టుకుని ఆగాను. ఆ తీగ వేరు పలకల సందుల్లోంచి మీటర్ల లోతు దిగి చెమ్మ వెతుక్కుంటుంది కాబట్టి ఊడిరాలేదు. అలాంటి ముసలి మొక్కకు కాసేది కిలో ఉంటే ఎక్కువ. వాలు మీద యంత్రం తిరగదు, కొన్నిచోట్ల ఇప్పటికీ కంచరగాడిదలతో దున్నుతారు.

12వ శతాబ్దంలో స్కాలా దేయి అనే మఠం సన్యాసులు అక్కడ ద్రాక్ష నాటారు. వేరు పురుగు వచ్చాక తోటలు పోయి, జనం వలసపోయి, పల్లెలు పాడుబడ్డాయి. 1980ల చివర్లో రెనే బార్బియే, ఆల్వరో పలాసియోస్ లాంటి కొద్దిమంది వచ్చి పాత గార్నాచా తీగలను మళ్లీ పట్టించుకున్నారు. స్పెయిన్‌లో అన్నిటికన్నా పై గుర్తింపు ఇవాళ రెండే ప్రాంతాలకు ఉంది. ఒకటి మా రియోహా, 1991 నుంచి. రెండోది ఆ పాడుబడ్డ కొండలే.

లా మాంచా పూర్తిగా వేరే లోకం. చదునైన ఎర్రనేల, చూపు ఆనినంత మేర తోటలే. 'తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం' అని అక్కడి వాతావరణం మీద సామెత, స్పానిష్‌లో చలికాలానికీ నరకానికీ ప్రాస బాగా కుదురుతుంది. తడి తక్కువ కాబట్టి మొక్కకూ మొక్కకూ మధ్య రెండున్నర మీటర్ల ఎడం ఉంచి, పొట్టిగా పొదలా కత్తిరిస్తారు. ఆ ఆకుల నీడే దాని గొడుగు. చదును నేల, పెద్ద ఎత్తున పంట, అందుకే 3 యూరోలు. నా ఓటు అడిగితే, నీ జేబుకు లా మాంచానే సరి. 3 యూరోలది బాగుండదని ఎవడో చెప్తే పట్టించుకోకు. మా వైనరీ మేనేజరు ఇంట్లో రోజువారీ ఏం పోస్తాడో నాకు తెలుసు, పేరు చెప్పను.

క్రియాంసా, రెసేర్వా గ్రేడ్లు కావు, వయసులు. రియోహా ఎర్ర వైన్‌లో క్రియాంసా అంటే రెండేళ్లు, అందులో కనీసం ఒక ఏడాది పీపాలో. రెసేర్వా మూడేళ్లు. గ్రాన్ రెసేర్వా ఐదేళ్లు, అందులో రెండు పీపాలో. వయసు పైబడ్డ ప్రతివాడూ తెలివైనవాడు కాడు, అది గుర్తుపెట్టుకుని కొను.

డిసెంబరు చివర మా అమ్మానాన్నలతో స్పెయిన్ వస్తున్నాం. మేమెవరం తాగం, మాంసం తినం. ద్రాక్షతోటల్లో మాకేమైనా పని ఉందా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

చాలా ఉంది. లోగ్రోన్యో వస్తే సాయంత్రం లారెల్ వీధికి తీసుకెళ్లండి. సన్నటి సందు, రెండు వైపులా బార్లే. అందరూ గ్లాసు పట్టుకుని నిలబడతారు. మీరు 'మోస్తో' అడగండి. పులియని ద్రాక్షరసం, వైన్ గ్లాసులోనే ఇస్తారు, ఎవరూ తేడాగా చూడరు. వెల్లుల్లి నూనెలో కాల్చిన పుట్టగొడుగులు రొట్టె ముక్క మీద పేర్చి ఇస్తారు, అది తప్పక తినాలి. కానీ పైన చిన్న రొయ్య గుచ్చుతారు. 'సిన్ గాంబా' అని ముందే చెప్పండి. మా అమ్మకు నేను చెప్పడం మరిచాను, అది రెండో అపచారం.

చలికాలంలో తోటల్లో ఆకు ఉండదు, మోడులే. అయితే అలికాంతే వైపు వెళ్తే వినలోపో లోయలో తినే ద్రాక్ష ఉంటుంది. ఎండాకాలంలో ఒక్కో గుత్తికీ తెల్ల కాగితపు సంచి తొడుగుతారు, పక్షి, పురుగు, వాన తగలకుండా. సంచిలో నిదానంగా పండి కోత డిసెంబరు దాకా సాగుతుంది. దూరం నుంచి చూస్తే చెట్టుకు లాంతర్లు కట్టినట్టుంటుంది. అంత జాగ్రత్త దేనికంటే, డిసెంబరు 31 అర్ధరాత్రి మాడ్రిడ్‌లో ప్వెర్తా దెల్ సోల్ గడియారం పన్నెండు గంటలు కొడుతుంటే దేశమంతా గంటకొక ద్రాక్ష చొప్పున పన్నెండు తింటుంది. మూడేసి సెకన్లకో గంట. ఆ ద్రాక్షలో గింజలుంటాయి, నాన్నగారికి ముందే తీసిపెట్టండి.

మా అమ్మ పన్నెండు గంటలూ అయ్యేసరికి ఏడే తినగలిగింది. మిగిలిన ఐదూ కొంగున కట్టుకుని, తెల్లారి దేవుడి పటం ముందు పెట్టింది.